పిల్లల నోట్లోకి వెళ్లే బొమ్మ మన చేతిది
(సమాఖ్య వార్షిక మహాసభలో అల్లిక బొమ్మల ఉత్పత్తి బృందం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ మేము లేచి లెక్కలు చదివి కూర్చునేవాళ్లం. ఎన్ని బొమ్మలు అల్లాం, ఎంత సరుకు పోయింది, ఎవరి ఖాతాలో ఎంత పడింది. ఆ లెక్కలు ఈ నివేదికలోనే వేరే పేజీలో ఉన్నాయి, తీరిగ్గా చూసుకోండి. ఈసారి మాకిచ్చిన సమయంలో ఒక బొమ్మ కన్ను గురించి మాట్లాడతాం. చిన్న విషయమే అనిపిస్తుంది. చివరికి మూడు తీర్మానాలు, ఒక మనవి ఉన్నాయి. అవి విన్నాక చిన్నదో పెద్దదో మీరే చెప్పండి.

మనలో చాలామందికి లేసు సూది అమ్మ చేతి నుంచే వచ్చింది. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో అరుగు మీద కూర్చుని, దారం ఉండ ఒడిలో పెట్టుకుని అల్లని ఆడవాళ్లు తక్కువ. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన పని ఇది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, కూడా వచ్చింది. టేబుల్ గుడ్డలు, దిండు గలీబులు, అంచులు అల్లిన ఆ చేతులే ఇప్పుడు కుందేలును, ఏనుగును అల్లుతున్నాయి.

కానీ లేసు వేరు, బొమ్మ వేరండి. లేసు బల్ల మీద ఉంటుంది, బొమ్మ పిల్లాడి నోట్లో ఉంటుంది. లేసులో ఖాళీలే అందం. బొమ్మలో ఖాళీ ఉంటే దూది బయటికి వస్తుంది. లేసు అంచు ఊడితే మళ్లీ కుట్టుకుంటారు. బొమ్మ కన్ను ఊడితే అది ఎక్కడికి పోయిందో ముందు వెతుక్కోవాలి. ఈ తేడా మాకు ముందే తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. ఎలా తెలిసిందో చెబుతాం.

మా బృందంలో ఒక అక్క ఉన్నారు. పండక్కి కూతురు పుట్టింటికి వచ్చింది, చంకలో ఎనిమిది నెలల మనవడు. అమ్మమ్మ తాను అల్లిన కుందేలును వాడి చేతిలో పెట్టారు. వాడికి పళ్లొచ్చే వయసు. చెవి నమిలాడు, ముక్కు చీకాడు, పొద్దుటి నుంచి అదే లోకం. సాయంత్రం చూస్తే కుందేలుకు ఒక కన్నే ఉంది. అక్క గుండె ఆగినంత పనయింది. పిల్లాడి నోరు తెరిచి చూస్తే బుగ్గ పక్కన నల్లగా కనబడింది. కనబడింది కాబట్టి వేలితో పక్కకు లాగి తీశారు. ఇంకాసేపు చూడకపోతే ఏమయ్యేదో మేము చెప్పక్కర్లేదు.

అక్క ఆ కన్ను కొంగున కట్టుకుని మా షెడ్డుకు వచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ నల్ల ప్లాస్టిక్ బిళ్లను చాప మీద పెట్టి, "ఇది నేను పెట్టిన కన్నేనమ్మా" అన్నారు. అప్పటికి రెండు గోనె సంచుల సరుకు మూతి కట్టి సిద్ధంగా ఉంది. మర్నాడు పొద్దున్నే వ్యాపారి గారి బండి రావాలి.

సంచులు విప్పాం. ఒక్కో బొమ్మ కన్నును వేళ్లతో పట్టుకుని లాగాం. నాలుగో బొమ్మకే ఊడి వచ్చింది. ఆ కళ్లను బజారులో సేఫ్టీ కళ్లు అంటారండి. వెనక ఒక బిళ్ల నొక్కి బిగిస్తారు. పేరులో సేఫ్టీ ఉంది కదా అని మేమూ నమ్మాం. చూస్తే రెండు లోపాలు కనబడ్డాయి. కొన్నింటికి వెనక బిళ్ల చివరిదాకా దిగలేదు. మరికొన్నింటికి బిళ్ల గట్టిగానే ఉంది గానీ అల్లిక వదులైంది, కన్ను బిళ్లతో సహా కుట్ల మధ్య నుంచి జారి వచ్చేసింది. నూలు తడిస్తే, నమిలితే సాగుతుంది. మన చేతిలో పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉన్న కుట్టు పిల్లాడి నోట్లో అలాగే ఉండదు.

ఆ రాత్రి మాలో మాకు పెద్ద గొడవే జరిగింది. దాచుకోవడం ఎందుకు? "వ్యాపారి ఏమీ అనలేదు కదా, మనకెందుకు" అన్నవాళ్లున్నారు. "మూడేళ్లు దాటిన పిల్లలకు మాత్రమే అని చీటీ కడితే సరిపోతుంది" అన్నవాళ్లున్నారు. "ఈ సరుకు ఆగితే ఈ నెల లింకేజీ కంతు ఎలా కట్టాలి" అని అడిగిన చెల్లెలు కూడా ఉంది. ఆ మాటకు ఎవరి దగ్గరా సమాధానం లేదు. అయినా సరుకు ఆపాం. అన్ని కళ్లూ తీసేశాం. దారంతో మళ్లీ కుట్టాం. బండి వారం ఆలస్యంగా వెళ్లింది. బిల్లులో కోత పడింది.

చీటీ గురించి తరవాత తెలుసుకున్నాం. అది మీ అందరూ తెలుసుకోవాల్సిన మాట. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో చీటీ మీద ఏం రాశాం అన్నది ఒక్కటే లెక్క కాదు. పట్టుకుని గుండెకు హత్తుకోవడానికి చేసిన మెత్తటి దూది బొమ్మ అయితే, అది మూడేళ్ల లోపు పిల్లల చేతికి వెళ్లే బొమ్మ కిందే చూస్తారు. నిజం కూడా అదే కదండీ. మనం కుందేలు అల్లితే అది నాలుగో తరగతి పిల్లాడికి ఇస్తారా, ఉయ్యాల్లో పిల్లకిస్తారా? చీటీ మన మనసుకు ఊరటేగాని పిల్లకు రక్షణ కాదు.

ఇక మేము నేర్చుకున్న పని చెబుతాం. బొమ్మలు అల్లని సంఘాల వాళ్లు కూడా వినండి. మీ ఇళ్లలో ఉన్న బొమ్మలకూ ఇవే మాటలు.

మొదటిది కళ్లు. మా బొమ్మలకు ఇప్పుడు ప్లాస్టిక్ కన్ను లేదు, గుండీ లేదు, పూస లేదు, మువ్వ లేదు. కన్ను, ముక్కు, నోరు అన్నీ నూలు దారంతో బల్లపరుపుగా కుట్టడమే. కుట్టాక ముడి దగ్గర కత్తిరించెయ్యం. దారం కొసను బొమ్మ ఒంట్లోంచి అటూ ఇటూ మూడు నాలుగు సార్లు తీసి లోపలే దాస్తాం.

రెండోది కొలత. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలోంచి ఊడే ముక్క ఎంత చిన్నదైతే ప్రమాదమో చూడటానికి ప్రమాణాల్లో ఒక గొట్టం ఉంది. దాని నోరు 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది. లోతు ఒక పక్క 25.4, రెండో పక్క 57.1 మిల్లీమీటర్లు. నొక్కకుండా వదిలితే ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా చిన్న పిల్లల గొంతుకు అడ్డం పడే ముక్కేనని లెక్క. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు ఉంటుంది. గొట్టం నోరు దానికంటే కొంచెం పెద్దది, అంతే. మేము లేతు మిషను పని చేసే ఆయన దగ్గర ఇలాంటి గొట్టం ఒకటి చేయించుకున్నాం. కన్ను ఒక్కటే కాదండి. కుందేలు తోక, పిచ్చుక ముక్కు, ఏనుగు టోపీ మీద బంతి, ఇవన్నీ అందులో పడ్డాయి.

మూడోది అతుకు. చెవి, తోక, కాలు విడిగా అల్లి అతికితే చుట్టూ రెండు వరసలు కుట్టాలి. పైపైన నాలుగు కుట్లు వేస్తే చాలదు. అంతకంటే మంచిది, ఒంటితో కలిపే అల్లుకుపోవడం. అతుకు తక్కువున్న బొమ్మే గట్టి బొమ్మ. యూరప్ దేశాల ప్రమాణంలో 6 మిల్లీమీటర్లు దాటిన భాగాన్ని 90 న్యూటన్ల బలంతో 10 సెకన్లు లాగి చూస్తారు. మన భాషలో రమారమి 9 కిలోల బరువు వేలాడదీసినట్టు. మేము చేపలు తూచే కొక్కెం కాటా తెచ్చుకున్నాం. చెవికి గుడ్డ చుట్టి, కాటా తగిలించి, తొమ్మిది కిలోల గీత దాటేదాకా లాగి పది అంకెలు లెక్కపెడతాం. ఇది ల్యాబు పరీక్ష కాదు, ల్యాబు కాగితం రాదు. కానీ ఊడిపోయే చెవి మన షెడ్డులోనే ఊడుతుంది.

నాలుగోది అల్లిక, దూది. ఆ దారానికి మామూలుగా వాడే సూది కంటే ఒక సైజు సన్నది తీసుకుని బిగించి అల్లాలి. దూది నింపాక అల్లికను రెండు చేతులతో సాగదీసి చూడండి. కుట్ల మధ్య తెల్లగా దూది కనబడితే విప్పి మళ్లీ అల్లాల్సిందే. మొదలుపెట్టిన చోట నడిమధ్య రంధ్రం తెరుచుకోకుండా కొస దారాన్ని రింగు చుట్టూ రెండుసార్లు తిప్పి బిగించాలి. లోపల కొత్త ఫైబరు దూది మాత్రమే పెడుతున్నాం. టైలరు దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలు పెట్టం, వాటిలో గుండుసూదులు ఉంటాయి. థర్మోకోల్ పూసలు పెట్టం. బియ్యం, గింజలు పెట్టం. అవి కారితే ముక్కులోకి, చెవిలోకి పోతాయి, తడిస్తే పురుగు పడతాయి. బూరుగు దూది మన పెరటిదే అయినా ఉతికితే ఉండకడుతుంది, నుసి రాలుతుంది.

అయిదోది దారం. నూగు లేచే ఉన్ని, బొచ్చు దారం చంటిపిల్లల బొమ్మకు వద్దు. నోట్లోకి వెంట్రుకలు వస్తాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వదులుగా ఉన్న దారం పోగు గానీ వెంట్రుక గానీ చంటిబిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, వేలు వాచిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తుందో మనకు అర్థం కాదు. ఊరికే ఏడ్చే బిడ్డకు కాలి వేళ్లు, చేతి వేళ్లు విప్పి చూడండి. బొమ్మకు వేలు దూరే గొలుసు ఉచ్చులు ఉంచకండి.

ఆరోది తాడు. బొమ్మకు వేలాడదీసే తాడు, మెడ రిబ్బను పిల్ల మెడకు చుట్టుకోవచ్చు. చిన్న పిల్లల బొమ్మల తాడుకు ప్రమాణాల్లో ఉన్న హద్దు 22 సెంటీమీటర్లు. అంటే దాదాపు జానెడు. మా నియమం ఇంకా సులువు. చంటిపిల్లల బొమ్మకు తాడే లేదు.

ఏడోది సూది. పొద్దున ఎన్ని సూదులు ఇచ్చామో సాయంత్రం అన్నీ లెక్కకు రావాలి. సూది విరిగితే రెండు ముక్కలూ తెచ్చి పుస్తకంలో అంటించాలి. ఒక ముక్క దొరక్కపోతే ఆ పూట చేసిన బొమ్మలన్నీ పక్కన పెట్టాలి. చివర్లో ప్రతి బొమ్మ మీదా పెద్ద అయస్కాంతం తిప్పి చూస్తాం. అయస్కాంతం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం, బొమ్మ చేతులు అతుక్కునేలా లోపల చిన్న అయస్కాంతాలు పెట్టమని ఒకరు అడిగారు. కూత వచ్చే బిళ్ల పెట్టమని ఇంకొకరు అడిగారు. రెండూ కాదన్నాం. పిల్ల రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగుల మధ్య ఒకదానికొకటి అతుక్కుని పేగును చిల్లి చేస్తాయి. గుండీ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. ఆ పని మనకొద్దు.

ఎనిమిదోది రంగు. తెల్లటి తడిగుడ్డతో బొమ్మను గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం బొమ్మకు పనికిరాదు. కొన్ని ఆజో రంగులను మన దేశంలో 1997లోనే నిషేధించారు. దారం కొనేటప్పుడు అవి లేవని కాగితం అడుగుతున్నాం. ఒక్కొక్కరం అడిగితే కొట్టువాళ్లు నవ్వేవారు. బృందంగా టోకున కొంటాం, కాగితం ఇస్తేనే కొంటాం అంటే ఇచ్చారు. సంఘం బలం అంటే ఇలాంటి చోటే కనబడుతుందండి.

ఆఖరుది ఉతుకు. ప్రతి విడతలో ఒక బొమ్మను సబ్బుతో ఉతికి, పిండి, ఎండలో బాగా ఆరబెట్టి, అప్పుడు లాగి చూస్తాం. ఉతక్కముందు లాగి పాసయింది అనుకుంటే లాభం లేదు. పిల్లల బొమ్మ ఉతక్కుండా ఉండదు.

ఇంతవరకు తయారీ. ఇంట్లో అమ్మలు, అమ్మమ్మలు, నాయనమ్మలు చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఎంత మంచి బొమ్మయినా ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పక్కలో ఉండకూడదు. మెత్తటిది ముక్కు మీద పడితే తోసేసే శక్తి ఆ బిడ్డకు ఉండదు. మన చేత్తో అల్లిన బొమ్మ ఉయ్యాల్లో లేకపోతే మనకే చిన్నబుచ్చినట్టు ఉంటుంది. ఉండనివ్వండి. మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లెదుట ఆడుకుంటుంది. ఉయ్యాల మీద వేలాడదీసిన బొమ్మలను బిడ్డ చేతులు, మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే తీసెయ్యండి.

గొంతులో ఏదైనా అడ్డం పడితే ఏం చేయాలో ఏఎన్‌ఎం గారు బొమ్మ మీద చేయించి చూపించారు. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. శబ్దం రాక, ఊపిరి అందక, రంగు మారుతుంటే ఒకరు 108కి ఫోను చేయాలి, ఇంకొకరు మొదలుపెట్టాలి. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు వేయాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. ఏడాది దాటిన పిల్లలకు వీపు మీద 5 దెబ్బలు, తరవాత వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి 5 సార్లు నొక్కడం. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతక్కూడదు, ఇంకా లోపలికి పోతుంది. మా అక్క కంటికి కనబడింది కాబట్టే తీశారు. ఇది చదివితే వచ్చేది కాదు, చేత్తో నేర్చుకోవాలి. ప్రతి గ్రామ సమాఖ్య నెలవారీ సమావేశంలో ఒక పూట ఏఎన్‌ఎం గారిని పిలిపించుకోండి.

ఇప్పుడు చట్టం మాట. 2020లో కేంద్ర ప్రభుత్వం బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. మన లాంటి వాళ్లకు అందులో ఒక మినహాయింపు ఉంది. హస్తకళల అభివృద్ధి కమిషనరు దగ్గర నమోదైన కళాకారులు తయారు చేసి అమ్ముకునే బొమ్మలకు ఆ ముద్ర అక్కర్లేదు. జీఐ గుర్తింపు ఉన్న బొమ్మలను అధీకృత వాడుకదారులు చేస్తే వాటికీ మినహాయింపు ఉంది. కాబట్టి బొమ్మలు అల్లే ప్రతి సభ్యురాలూ కళాకారుల గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డు, తీసుకోవాలి. కార్డు లేని వాళ్ల పేర్లు ఈ సభ అయ్యాక మాకు ఇవ్వండి. లేసుకు జీఐ వచ్చింది కాబట్టి బొమ్మకూ వచ్చేసినట్టే అని మాత్రం అనుకోకండి. మన బొమ్మ మీద వేరే వ్యాపారి తన పేరు వేసి అమ్ముకుంటే మినహాయింపు వర్తిస్తుందా లేదా అన్నది ఆర్డరు తీసుకునే ముందే రాతపూర్వకంగా అడగాలి.

అయితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. మినహాయింపు ముద్రకే. పిల్ల గొంతుకు మినహాయింపు ఉండదు. ఎవరూ పరీక్షించని బొమ్మ కాబట్టి మనమే ఇంకా గట్టిగా పరీక్షించాలి.

ఇక అసలు కష్టం డబ్బుది. ప్లాస్టిక్ కళ్లు నొక్కడం రెండు నిమిషాల పని. దారంతో కళ్లు, ముక్కు, నోరు కుట్టి కొసలు దాచడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. రేటు మాత్రం బొమ్మకింత అని పాతదే. అంటే ఆ ఇరవై నిమిషాలు మేము ఉచితంగా చేస్తున్నాం. నర్సాపురం లేసు పనివాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లో ఒక పుస్తకం అచ్చు వేయించారు. ఇక్కడి ఆడవాళ్లు విదేశాలకు పోయే సరుకు చేస్తున్నా అది పని కాదు, ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు చేసుకునే కాలక్షేపం అని అందరూ అంటున్నారని ఆవిడ అందులో చూపించారు. నలభై ఏళ్లు దాటింది. ఇవాళ కూడా "కన్ను కుట్టడానికి ఏముందమ్మా, టీవీ చూస్తూ కుట్టెయ్యొచ్చు" అంటున్నారు. టీవీ చూస్తూ కుట్టిన కన్ను ఊడుతుందండి. కన్ను చూస్తూనే కుట్టాలి. అది పనే.

వ్యాపారి గారితో మాట్లాడాం. అడిగిన దాంట్లో సగం పెంచారు. ఈ లోపు మా బృందం నుంచి ఇద్దరు వెళ్లిపోయారు. పక్క ఊళ్లో ప్లాస్టిక్ కళ్లతో పని ఇస్తున్నారు, రోజుకు ఎక్కువ బొమ్మలు అవుతాయి. వాళ్లను మేము తప్పు పట్టం. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. వాళ్లు ఈ సభలోనే ఉన్నారు, మా అక్కచెల్లెళ్లే. తప్పు ఎక్కడుందంటే, ఒక ఊళ్లో మేము కాదన్న పని ఇంకో ఊళ్లో మన సంఘం వాళ్లే చేస్తుంటే మా రేటు పెరగదు, వాళ్ల రేటూ పెరగదు, పిల్లల నోట్లోకి ఆ కన్ను వెళ్తూనే ఉంటుంది. అందుకే ఒక్క బృందం నియమం చాలదు, సమాఖ్య నియమం కావాలి అంటున్నాం.

మేము సభ ముందు పెడుతున్న తీర్మానాలు ఇవి.

ఒకటి: సమాఖ్య పరిధిలోని ఏ బృందం నుంచీ ప్లాస్టిక్ కన్ను, గుండీ, పూస, అయస్కాంతం, బ్యాటరీ ఉన్న దూది బొమ్మ బయటికి వెళ్లకూడదు. కన్ను కుట్టే సమయం కలిపి ఒకే కనీస రేటు సమాఖ్య నిర్ణయించాలి. అన్ని ఊళ్లలోనూ అదే అడగాలి.

రెండు: ప్రతి బృందంలో ఒక తనిఖీదారు ఉండాలి. తాను అల్లిన బొమ్మను తానే తనిఖీ చేయకూడదు. ఆమె కూలి ఉమ్మడి నిధి నుంచి ఇవ్వాలి, అల్లిన వాళ్ల కూలిలోంచి కోయకూడదు. లోపం ఉందని తనంతట తాను చెప్పిన సభ్యురాలికి జరిమానా వద్దు. జరిమానా వేస్తే రేపు ఎవరూ చెప్పరు. ఆ రోజు అక్క కన్ను తెచ్చి చాప మీద పెట్టకుండా మనవణ్ణి ఎత్తుకుని ఊరుకుని ఉంటే, రెండు సంచుల బొమ్మలు అలాగే వెళ్లిపోయేవి.

మూడు: ప్రతి బొమ్మకు తెలుగులో ఒక చీటీ కుట్టాలి. బృందం పేరు, తయారైన నెల, విడత నంబరు, సమాఖ్య ఫోను నంబరు, ఉతికే పద్ధతి, నిద్రలో పక్కన ఉంచవద్దన్న మాట. చీటీ కూడా పిల్లకు ఊడిరాకుండా కుట్టులో కలిపే కుట్టాలి.

ఈ మూడో తీర్మానం ఎందుకో చెప్పి ముగిస్తాం. సంచుల్లో ఉన్న బొమ్మల కళ్లు మేము మార్చగలిగాం. కానీ అంతకుముందు ప్రదర్శనల్లో, స్టాళ్లలో అమ్మిన బొమ్మలు ఉన్నాయి. అవీ మేము పెట్టిన కళ్లే. వాటికి పేరు లేదు, నంబరు లేదు. ఎవరు కొన్నారో, ఏ ఊరు వెళ్లాయో, ఏ పిల్ల చేతిలో ఉన్నాయో మాకు తెలియదు. ఒక్కో రాత్రి అది గుర్తొచ్చి నిద్ర పట్టదు.

కొన్ని మాత్రం ఎక్కడున్నాయో తెలుసు. కిందటి మహాసభ రోజు ఈ పందిట్లోనే మా స్టాలు పెట్టాం. మీలో చాలామంది కొన్నారు. బూడిదరంగు కుందేలు, నీలం ఏనుగు, పసుపు పిచ్చుక, మూడింటికీ నల్ల ప్లాస్టిక్ కళ్లు. మనవి ఏంటంటే, ఇంటికి వెళ్లగానే ఆ బొమ్మను పిల్లల దగ్గర నుంచి తీసి పైన పెట్టండి. వచ్చే నెల సమావేశానికి మీ వీఓ లీడరు చేతికి ఇచ్చి పంపండి. మీరు ఇచ్చిన వాళ్లుంటే, చుట్టాలకు గానీ అంగన్‌వాడీకి గానీ, వాళ్లకూ చెప్పండి. కళ్లు తీసి దారంతో కుట్టి, ఉతికి, చీటీ వేసి తిరిగి ఇస్తాం. పైసా తీసుకోం. ఎంత పాతదైనా, చెవి ఊడినదైనా తెండి. సిగ్గుపడకండి. సిగ్గుపడాల్సింది మేము, అందుకే ముందుగా మేమే చెబుతున్నాం.